హైకోర్టుకంటె ముందు చేరవలసిన గది

మా విజయవాడ వన్ టౌనులో దావా ఓడినవాడెవ్వడును ఓడితినని చెప్పడు. తీర్పు వచ్చిననాటి సాయంకాలము కాళేశ్వరరావు మార్కెట్టు మొగలోనో, సామారంగం చౌకులోనో నలుగురు పలుకరించినపుడు, "మాది హైకోర్టుకు పోతోందండీ" అనును. ఓడిన మనుష్యుడు ఆ పూట తలయెత్తుకొని ఇల్లు చేరుటకు ఆ మాట ఊతకఱ్ఱవలె పనికివచ్చును గనుక దానిని నేను తప్పుపట్టను. నేనును ఒకప్పుడు ఆ మాటనే అంటిని. అనిన పిమ్మట 40 దినములు ఏమియు చేయక ఊరకుంటిని. ఆ ఊరకుండుటవలన కలిగిన నష్టమే నాచేత ఈ అధ్యాయమును వ్రాయించుచున్నది.

వ్యక్తిత్వమును పెంపొందించుకొనుటను గూర్చి వెలువడు గ్రంథములు ధైర్యమును, పట్టుదలను, ఆత్మవిశ్వాసమును బోధించును. వ్యాజ్యములోనున్న వానికి ఈ మూడును అవసరమునకు మించియే ఉండును. లేనిచో అతడు కోర్టు మెట్లు ఎక్కియే ఉండడు. అతనికి కొఱవడునది వేరొకటి. తనకు ప్రతికూలముగా వ్రాయబడిన ముప్పది పుటల కాగితమును, ఎదుటివాని కాగితమును చదివినంత నిబ్బరముగా కూర్చుండి చదువగల ఓర్మి అతనికి ఉండదు. హైకోర్టు వ్యవహారమంతయు ఈ ఒక్క ఓర్మిమీదనే ఆధారపడియున్నదని నా అనుభవము.

మొదట ఆ న్యాయస్థానము ఏమిటో తెలిసికొనవలెను. మన తాతల కాలమున బెజవాడ కక్షిదారునకు హైకోర్టనగా మద్రాసే. 1862లో ఏర్పడిన ఆ న్యాయస్థానమునకు పోవువారు రాత్రి రైలెక్కి, ఆ నగరములో ఎఱిగినవారి వాకిట దిగి, తెల్లవారి వకీలుగారి యింటి అరుగుమీద కూర్చుండెడివారట. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు, రాజధాని యొక సీమయందు, హైకోర్టు వేరొక సీమయందు ఉండవలెనను 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికలోని భావము ననుసరించి, కర్నూలు రాజధాని కాగా హైకోర్టు 1954 జూలై 5వ తేదీన గుంటూరులో వెలసెను. కోకా సుబ్బారావుగారు దానికి మొదటి ప్రధాన న్యాయమూర్తి. మా వీధిలోని పెద్దలు ఆ రెండేండ్లను స్వర్ణయుగమువలె తలచుకొనెడివారు. ఉదయము చద్దన్నము తిని బయలుదేరినవాడు దీపములవేళకు ఇల్లు చేరుచుండెను. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ అవతరింపగా హైకోర్టు మూసీ యొడ్డునకు తరలిపోయెను. మరల రాత్రి బండ్లు, మరల బసలు. 2019 జనవరి 1వ తేదీన విభజితరాష్ట్రమునకు ప్రత్యేకముగా హైకోర్టు ఏర్పడి, కొలది వారములు విజయవాడలోనే తాత్కాలికముగా నడచి, ఆ ఫిబ్రవరి 3న ప్రారంభోత్సవము జరిగిన నేలపాడులోని భవనమునకు పిదప మాఱెను. ఇప్పుడు రథం సెంటరులో బయలుదేరినవాడు ప్రకాశం బ్యారేజి దాటి, ఉండవల్లిమీదుగా కరకట్ట పట్టుకొని పోయినచో చాలును. దారి ఇంత దగ్గఱయైనందున "హైకోర్టుకు పోదము" అను మాట మునుపటికంటె సులభముగా నోట వచ్చుచున్నది. లోనికి పోవు దారి మాత్రము మద్రాసునాడెంత ఇరుకో నేడును అంతే.

మనవారిలో ప్రబలియున్న భ్రమ యేమనగా, హైకోర్టు క్రింది కోర్టుకంటె పెద్ద గదియనియు, అక్కడ తమ కథను మొదటినుండి మరల చెప్పుకొనవచ్చుననియు. మద్రాసు, బొంబాయి, కలకత్తా హైకోర్టులకు సాధారణ దావాలను నేరుగా స్వీకరించు అధికారము తొలినుండియు వచ్చుచున్నది; మన హైకోర్టునకు అది లేదు. ప్రభుత్వముమీదనో అధికారులమీదనో వేయు రిట్టు పిటిషను మాట వేరు. అది రాజ్యాంగములోని 226వ అధికరణము తెఱచిన ద్వారము. అన్నదమ్ముల పంపకము, అమ్మకపు అగ్రిమెంటు, నోటు బాకీ మొదలగు సివిలు తగాదాలన్నియు క్రింద పుట్టి, క్రింద పెరిగి, అక్కడి తీర్పుతోడనే పైకి పోవలెను. పైన కూర్చున్న న్యాయమూర్తి మీ ముఖము చూడడు, మీ సాక్షి తడబడుటను చూడడు. క్రింది కోర్టు రికార్డును చూచును. కావున క్రింద చెప్పక మ్రింగిన మాట పైన పలుకుటకు వీలుపడదు. అప్పీలులో కొత్త సాక్ష్యము పెట్టుటకు సివిలు ప్రొసీజరు కోడు 41వ ఆర్డరు 27వ రూలులో సందు లేకపోలేదు గాని, ఆ సందు మా శివాలయం వీధి ప్రక్కసందులకంటెను సన్నము.

ఆ భవనమునకు ద్వారములు పెక్కు. జిల్లా జడ్జి, లేక దావా విలువనుబట్టి సీనియర్ సివిల్ జడ్జి, ఇచ్చిన డిక్రీపై 96వ సెక్షను క్రింద వేయునది మొదటి అప్పీలు, దీనిని ఏ.ఎస్. అందురు. ఇందు సంగతులను, చట్టమును గూడ తిరిగి పరిశీలింతురు గనుక కక్షిదారునకు ఇది ఉదారమైన ద్వారము. చిన్న విలువ దావా అప్పటికే ఒక అప్పీలు చూచియుండినచో, 100వ సెక్షను క్రింద రెండవ అప్పీలు వేయవలెను. అక్కడ "సాక్షి అబద్ధమాడె"నని వాపోయిన ప్రయోజనము లేదు. 1976 సవరణ 1977 ఫిబ్రవరిలో అమలునకు వచ్చిననాటినుండి, సబ్‌స్టాన్షియల్ క్వశ్చన్ ఆఫ్ లా అని వకీళ్లు పిలుచు గట్టి చట్టప్రశ్న యొకటి ఉండినగాని ఆ తలుపు తెఱవరు; 25,000 రూపాయలకు మించని సొమ్ము రాబట్టుకొను దావాలో తలుపే లేదు. దావా నడుమ వచ్చు ఉత్తరువులలో కొన్నింటిపై సి.ఎం.ఏ.యును, మఱికొన్నింటిపై సి.ఆర్.పి., అనగా రివిజనును వేయుదురు. మా బజారులోని దుకాణముల అద్దె తగాదాలలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టము క్రింద నడచినవి అప్పీలుగా గాక ఈ రివిజను రూపముననే హైకోర్టు చేరినవి.

రివిజను చిన్న ద్వారమని తేలికచేయరాదు. కడప సబ్‌కోర్టునకు ఒక దాంపత్యపు వ్యాజ్యమును విను అధికారము కలదా లేదా యను ప్రశ్నపై వచ్చిన రివిజనులోనే, 1983లో జస్టిస్ పి.ఏ. చౌదరిగారు, భార్యను కాపురమునకు రమ్మని కోర్టు శాసించుటకు వీలుకల్పించు హిందూ వివాహచట్టపు 9వ సెక్షను రాజ్యాంగవిరుద్ధమని తీర్పుచెప్పిరి. మరుసటి యేట సుప్రీంకోర్టు వేరొక కేసులో ఆ అభిప్రాయమును అంగీకరింపలేదు. అయినను న్యాయశాస్త్ర విద్యార్థులు నేటికిని ఆ తీర్పును చదువుచునే యున్నారు.

ఇక గది మాట. మన విజయవాడ కోర్టుల సముదాయమునకు 2022 ఆగస్టులో నాటి భారత ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణగారు ప్రారంభించిన ఎత్తైన భవనము వచ్చినది. అందు కక్షిదారుడు మొదట వెదకికొనవలసినది న్యాయమూర్తి వేదికను గాదు, నకళ్ల విభాగమును. సర్టిఫైడ్ కాపీ కొఱకు అర్జీ పెట్టిననాడే మీ హైకోర్టు ప్రయాణము మొదలైనది. పెట్టనంతకాలము మీరు నోటితో మాత్రమే ప్రయాణించుచున్నారు.

ఆ నకలు చేతికి వచ్చినపుడు అందఱును మొదటి పుట చూచి నిట్టూర్చి మడిచిపెట్టుదురు. నకళ్ల విభాగము వారు వేసిన ముద్రను చూడుడు. అర్జీ పెట్టిన తేదీ, స్టాంపులు అడిగిన తేదీ, అవి కట్టిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ, మీకిచ్చిన తేదీ అందు వరుసగా ఉండును. హైకోర్టులో మొదటి అప్పీలునకైనను రెండవ అప్పీలునకైనను 1963 నాటి లిమిటేషను చట్టము 90 దినముల గడువిచ్చినది; నకలు పొందుటకు పట్టిన కాలమును ఆ లెక్కనుండి మినహాయింపుమని అదే చట్టము 12వ సెక్షనులో దయతలచినది. ఆ దయ యెంతవరకో తెలియుటకు ఒక ఉదాహరణము చెప్పెదను. తీర్పు జూన్ 10న వచ్చినదనుకొనుడు. ఆ దినమును విడిచి లెక్కించిన 90 దినములు సెప్టెంబరు 8తో తీఱును. మీరు జూన్ 14న అర్జీ పెట్టి, స్టాంపులు అడిగిననాడే కట్టగా, జూలై 8న నకలు సిద్ధమైనచో, ఆ రెండు తేదీలతోకూడ 25 దినములు మీకు కలిసివచ్చి గడువు అక్టోబరు 3 వరకు సాగును. సిద్ధమైన నకలును మీరు ఆగస్టులో తీఱికగా తెచ్చుకొనినచో ఆ నడిమి దినములు మీ ఖాతాలోనే వ్రాయబడును. స్టాంపులు అడిగిన పిమ్మట కట్టుటలో చేసిన జాగును అంతే. ఇంట పెండ్లియైనను, దుకాణములో దసరా బేరములైనను ఆ ముద్ర ఎఱుగదు.

నా సంగతి యిదే. మా యింటి పంపకపు దావా జిల్లా కోర్టులో మా పెదనాన్నగారి కుమారుడైన మా అన్నగారికి అనుకూలముగా తేలినది. అప్పుడు హైకోర్టు ఇంకను మూసీ యొడ్డుననే యున్నది. మొదటి 40 దినములు "హైకోర్టుకు పోతోంది" అనుచు గడపితిని. అర్జీ పెట్టిన పిదప నకలు సిద్ధమైనను, వకీలు గుమాస్తా తెచ్చియిచ్చునను నమ్మకముతో 35 దినములు దానిని కౌంటరులోనే ఉంచితిని. పిమ్మట కోర్టుఫీజు కూర్చుటకును, పాత వకీలుగారిమీద అలిగి కొత్తవారిని కుదుర్చుకొనుటకును 26 దినములు పట్టినవి. వెరసి 101. నకలునకు పట్టిన కాలమును చట్టము విడిచిపెట్టినను, పదునొకండు దినములు నా మెడకు చుట్టుకొనినవి.

ఆలస్యమును మన్నింపుమని 5వ సెక్షను క్రింద అర్జీ పెట్టుకొనవచ్చును. తగిన కారణము చూపినచో కోర్టులు మన్నించుటయు కలదు. కాని ఆ మన్నింపు దొరకువఱకు అప్పీలునకు నంబరుండదు, ఎస్.ఆర్. నంబరను తాత్కాలికపు గుర్తు మాత్రముండును. డిక్రీ అమలుపై స్టే కూడ పుట్టదు. నా పదునొకండు దినములను మన్నించుటకు సంవత్సరము పైగా పట్టినది, ఎదుటిపక్షమునకు ఖర్చులు కట్టుటయు తప్పలేదు. ఆలోగా ఫైనలు డిక్రీ కొఱకు కోర్టు నియమించిన వకీలు కమిషనరు బ్రాహ్మణ వీధిలోని మా యింటికి వచ్చి, మా అమ్మ వడియములు ఎండబెట్టు డాబామీద టేపు పఱచి కొలతలు వ్రాసికొనుచుండగా, నా అప్పీలు నంబరులేని బిడ్డవలె హైకోర్టులో పడియుండెను. అప్పీలు వేసినంతమాత్రముననే డిక్రీ ఆగునను ఆశ ఎవ్వరికైనను ఉండినచో ఈ టేపును తలచుకొనవలెను. స్టే కొఱకు వేఱుగ అడుగవలెను, ఆలస్యము లేకుండ అడుగవలెను, నష్టమేమో చూపవలెను. సొమ్ము డిక్రీయైనచో కొంత భాగము కట్టుమనియో, జామీను ఇమ్మనియో కోర్టు షరతు పెట్టును. అప్పీలు గడువు తీఱకముందు, హైకోర్టు చేరులోగా, డిక్రీ యిచ్చిన కోర్టునే అమలు ఆపుమని వేడుకొనుటకు గూడ 41వ ఆర్డరులో అవకాశమున్నదని నాకు తరువాతగాని తెలియలేదు.

కొత్త వకీలుగారు నన్నడిగిన మొదటి ప్రశ్న యింకను చెవిలో మ్రోగుచున్నది.

"తీర్పు చదివారా మాష్టారూ?"

"ఇంకేం చదవటమండీ, ఓడిపోయాంగా!"

"ఎక్కడ ఓడిపోయారో తెలియాలిగా."

ఆయన నన్ను ఒక తెల్లకాగితముతో కూర్చుండబెట్టిరి. తీర్పులో ఇష్యూలను పేరిట కోర్టు విచారించిన ప్రశ్నలు వరుసగా నుండును. ఒక్కొక్క ప్రశ్నను తెలుగున వ్రాసి, దానికెదురుగా న్యాయమూర్తి ఏ సాక్షిని నమ్మెనో, ఏ దస్తావేజును నమ్మలేదో, ఎందుచేతనో, నా అభిప్రాయము చేర్చకుండ వ్రాయుమనిరి. మొదటి దినమున రెండు పుటలు దాటలేకపోతిని. ప్రతి వాక్యము చివర కలము ఆగి "అబద్ధము" అని వ్రాయబోయెడిది. మూడవ దినమునకు చేయి కుదుటపడినది. ఏడు ఇష్యూలలో అయిదు నిజముగా నేను పోగొట్టుకొనినవే. మా తండ్రిగారి వీలునామాపై సాక్షి సంతకము చేసినవారిని మేము పిలిపింపకపోవుట మా తప్పే. మిగిలిన రెండింటిలో మాత్రము కోర్టు మున్సిపాలిటీ పన్ను రసీదును తప్పుగా చదివినట్లు కనబడినది. అప్పీలు గ్రౌండ్లు ఆ రెండింటిమీదనే నిలిచినవి. ఆ అయిదింటిని వదలుకొనుట అవమానమనిపించినను, ఖర్చు విషయమున అది మేలే చేసినది: మన కోర్టుఫీజు చట్టము ప్రకారము అప్పీలులో ఎంత వివాదము నిలుపుదుమో దానిమీద, దావాలో పడునంత ఫీజే పడును. కోపముతో అన్నింటిపైనను అప్పీలు వేయువాడు కోపమునకు గూడ ఫీజు కట్టుచున్నాడు.

కాగితముల సంగతి క్లుప్తముగా చెప్పెదను. అప్పీలు మెమొరాండము, తీర్పు నకలు, వకాలతు, కోర్టుఫీజు, స్టే అర్జీయు దానికి అఫిడవిట్టు, మెటీరియల్ పేపర్లని పిలుచు ఆధారపత్రముల కట్ట. తెలుగు దస్తావేజులకు ఆంగ్లానువాదము. హైకోర్టు వ్యవహారభాష ఆంగ్లము గనుక, అనువాదమును మీరొకసారి విని సరిచూడుడు. 'దొడ్డి' అను పదమునకు అనువాదకుడు వ్రాసిన మాటవలన పెరటి స్థలమంతయు పశువులశాలయైన ముచ్చట నేనెఱుగుదును. ఆఫీసువారు లోపములు చూపి కాగితములు రిటర్ను చేయుట నిత్యవ్యవహారమే. దానిని ఓటమిగా తలపరాదు. ఐతే తిరిగి సమర్పించుటకు వారిచ్చు గడువు మీఱినచో, ఆ ఆలస్యమునకు మఱియొక మన్నింపు అర్జీ. వకీలుగారి నడుగవలసినది "మన కేసు ఏమయింది" అని గాదు, "నంబరు పడినదా, రిటర్నులో ఉన్నదా" అని. నంబరు పడిన పిమ్మట కేసుల జాబితా ప్రతిదినము హైకోర్టు వెబ్‌సైటులో వచ్చును. మనుమలను బ్రతిమాలినచో ఫోనులో చూపింతురు.

గెలిచినవారికి గూడ ఒక పని కలదు. ఎదుటివాడు పైకి పోయి తమకు తెలియకుండ స్టే తెచ్చుకొనునను శంక ఉండినచో 148ఏ సెక్షను క్రింద కేవియట్ వేసికొనవలెను. అది 90 దినములు నిలుచును, పిదప తిరిగి వేయవలెను. ఫీజులకు శక్తిచాలనివారికి 1987 నాటి న్యాయసేవల చట్టము క్రింద హైకోర్టు స్థాయిలోనే ఉచిత సహాయమున్నది. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని ఆదాయపరిమితి లేకయే అది లభించును. అప్పీలు నడుచుచుండగనే లోక్ అదాలత్తులో రాజీ కుదిరినచో కట్టిన కోర్టుఫీజు తిరిగివచ్చును, ఆ అవార్డుపై మరల అప్పీలుండదు. మా అన్నగారు రాజీకి ఒకసారి కబురుపెట్టిరి, నేను ఒప్పుకొనలేదు. పట్టుదలను పొగడు గ్రంథములు నేనును చదివియుంటిని గదా.

నంబరు పడిన అప్పీలు తుదివిచారణకు వచ్చుటకు ఏండ్లు పట్టును. ఆ యేండ్లలో మనుష్యులు చనిపోవుదురు. కక్షిదారుడు పోయినచో 90 దినములలోగా అతని వారసులను రికార్డుపైకి తేవలెను. తేనిచో అతని మట్టుకు అప్పీలు అంతరించును. దానిని తిరిగి లేపుటకు మఱి 60 దినములు, ఆపైన మరల మన్నింపు అర్జీలు. కేసును తండ్రి ఇనుపపెట్టెలో దాచి, కుమారునకు నంబరైనను చెప్పక పోయిన ఇండ్లు మా వీధిలో నాలుగైదు నాకు తెలియును.

మా అన్నగారు ఒక మాఘమాసమున పోయిరి. ఇరువురము పదునాలుగేండ్లు మాటలాడుకొనలేదు, ఒకే వీధిలో నుంటిమి. పెద్దకర్మనాడు పోయితిని. భోజనములైన పిమ్మట మా వదినగారు నన్ను లోపలి గదికి పిలిచి, మడచిన కాగితము నొకదానిని చేతికిచ్చిరి.

"మరిదిగారూ, పిల్లల పేర్లూ వయసులూ, పెద్దది హైదరాబాదులో ఉంటున్న అడ్రసూ రాయించాను. మీ వకీలుగారు అడుగుతారటగా. మళ్ళీ ఆలస్యమైతే మీకే ఇబ్బంది."

కాగితము చివర ఆమె, అన్నగారు పోయిన తేదీని స్వహస్తముతో వ్రాసియుండిరి.